పాత ఫోన్‌లో మరిది పేరు

ఎండ ఇంకా ముదరక ముందే ఆ ఇంట్లో గొంతులు లేచాయి. నాగలత వంటింట్లో ఉప్మాకు రవ్వ వేయిస్తోంది. ముందు గదిలో తోటికోడలు భార్గవి మొగుణ్ణి నిలదీస్తోంది.

“ఏంటిది? మొన్న వచ్చింది, ఊరుకున్నాను. నిన్న వచ్చింది, ఊరుకున్నాను. ఇవాళ పొద్దున్నే మళ్లీ. చదవండి. పైకి చదవండి.”

“యాడ్ అది భార్గవీ. అందరికీ వస్తయ్,” అన్నాడు జయప్రకాశ్.

“నాకెందుకు రాలేదు మరి? ‘రెండో పెళ్లికి సిద్ధంగా ఉన్నారా? మీ జిల్లాలోనే సంబంధాలు’ అని మీకే ఎందుకు వస్తుందండీ?”

నాగలత చేతిలో గరిటె ఆగింది. రవ్వ మాడిన వాసన ముక్కుకు తగిలాక గానీ ఆమె స్టవ్ కట్టేయలేదు.

ఆ మాటలు ఆమెకు కొత్త కాదు. అచ్చంగా అవే మాటలు మొన్న మధ్యాహ్నం షాపులో కూర్చుని తన ఫోన్‌లో చదివింది. చదివి, చుట్టూ చూసి, చెరిపేసింది. తను చెరిపేసిన మాట మరిది ఫోన్‌లోకి ఎట్లా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. మాడిన రవ్వను పక్కన పెట్టి, కొత్తగా మళ్లీ వేయించడానికి డబ్బా తీసింది.

నాగలతకు నలభై దగ్గర పడుతున్నాయి. పుట్టిల్లు బూర్గంపాడు వైపు. పెళ్లై వచ్చింది పినపాక మండలంలోని ఈ ఊరికి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, మధ్యలో మిర్చి, పత్తి చేలు. అత్తవారి పెద్దలు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సేద్యంలో స్థిరపడ్డారు. భర్త ఉదయ్ భాస్కర్ ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డులో విత్తనాలు, పురుగుమందుల షాపు పెట్టాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన తన కాళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి భద్రాచలం దవాఖానాకు పోయే అంబులెన్స్ ఎక్కాడు, మళ్లీ ఇంటికి రాలేదు. షాపు తమ్ముడు జయప్రకాశ్ చూసుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు నాగలత కౌంటర్‌లో కూర్చోసాగింది. ఏ చేనుకు ఏ తెగులు వచ్చిందో రైతు చెప్పే తీరును బట్టి పట్టుకోవడం నేర్చుకుంది.

ఇంట్లో ఆమెకు తిండికీ బట్టకూ మాటకూ లోటు లేదు. అత్త రాఘవమ్మ “పెద్దకోడలు లేకుంటే ఈ ఇల్లు నడవది” అని వచ్చినవాళ్లందరితో అంటుంది. పేరంటం రోజున మాత్రం నాగలతను ఎవరూ వంటింట్లో ఉండమని చెప్పరు. ఆమే వెళ్లి ఉంటుంది. ముందు గదిలో పసుపు, కుంకుమ పంచే సందడి వినిపిస్తుంటే లోపల శనగలు తాలింపు వేస్తుంది.

కూతురు లిఖిత ఇంటర్ చదువుకు ఖమ్మం హాస్టల్‌కు వెళ్లాక నాగలత గదిలో రెండో మంచం ఖాళీ అయింది. అప్పటిదాకా తను ఒంటరిదన్న సంగతి ఆమెకు తెలియనే లేదు. పొద్దున లేచి ఎవరినీ లేపాల్సిన పని లేదు. జడ వేయమని ముందు కూర్చునే మనిషి లేదు. షాపులో జరిగిన చిన్న ముచ్చట చెప్పుకుందామన్నా వినేవాళ్లు లేరు.

మిర్చి కోతలప్పుడు జనమంతా చేలల్లో ఉంటారు. మధ్యాహ్నం షాపుకు ఎవరూ రారు. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్‌లో ‘భర్త చనిపోయిన ఆడవాళ్లు మళ్లీ పెళ్లి’ అని తెలుగులో టైప్ చేసింది. చేసుకోవాలని కాదు. చేసుకున్నవాళ్లు ఉన్నారా, ఉంటే ఎట్లా ఉన్నారు అని చూడాలనిపించింది. ఉన్నారు. తన వయసువాళ్లే, తనలాంటి ఇళ్లవాళ్లే. చదువుతుంటే లోపల బిగుసుకుపోయినదేదో వదులైనట్టు అనిపించింది. ఆ వెంటనే రెండో పెళ్లి సంబంధాల సైట్లు కనిపించాయి. ఫొటో, వయసు, ఊరు, రెండు ముక్కల్లో ఒక మనిషి. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్ ఒకాయన ‘భార్య క్యాన్సర్‌తో పోయింది. వంట వచ్చు’ అని రాసుకున్నాడు. ఆ ‘వంట వచ్చు’ అన్న మాట తలుచుకుని ఆమె ఆ రోజంతా లోలోపల నవ్వుకుంది.

ఎవరికీ ఫోన్ చేయలేదు. తన పేరు ఎక్కడా ఇవ్వలేదు. ఇంటికి బయలుదేరే ముందు ఆ పేజీలను హిస్టరీలోంచి తీసేసేది. తీసేస్తే ఇక ఆనవాలు ఉండదని ఆమె నమ్మకం.

ఆ ఫోన్ జయప్రకాశ్ ఇచ్చిందే. కొత్తది కొనుక్కున్నప్పుడు “ఇది మంచిగనే పనిచేస్తది వదినా, నీ సిమ్ము ఏసుకో” అని పాతదాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఈమధ్యే ఒకసారి అన్నాల దగ్గర అతను నవ్వుతూ “నా ఫోన్‌కు పిచ్చి లేసింది. జాకెట్ల డిజైన్లు చూపిస్తున్నది, మోకాళ్ల నొప్పుల నూనె చూపిస్తున్నది” అన్నాడు. అత్త కోసం ఆ నూనె వెతికింది నాగలతే. అప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి భయమేసింది.

ఆ గొడవతో భార్గవి ఊరుకోలేదు. మొగుడు స్నానానికి వెళ్తే ఫోన్ తీసి చూసేది. ‘తోడు కోరుకునే ఒంటరి మహిళలు’ అని ఒక రోజు. ‘జీవితానికి రెండో అవకాశం’ అని ఇంకో రోజు. జయప్రకాశ్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత కూతురి తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. భార్గవి వినలేదు. ఆమె పుట్టింటి ఊరు వేంసూరులో ఉన్న చిన్నాన్న కొడుకు ఫోన్‌లో చెప్పాడట, మనిషి ఏం చూస్తే అలాంటి యాడ్సే వస్తాయని. ఆ ఒక్క మాట ఆమె బుర్రలో మేకులా దిగింది.

ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గిన్నెల చప్పుడు పెరిగింది. రాఘవమ్మ “మగోణ్ణి ఊకె అనుమానిస్తె సంసారం నిలవదు” అని చిన్నకోడలి మీద విసుక్కునేది. భార్గవి ఏడుస్తూ లేచిపోయేది. ప్రతిసారీ నాగలత పక్కనే ఉంది.

ఒక సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే భార్గవి వెనక నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అక్కా, నీతో ఒక మాట. రోజంతా నువ్వు షాపులో ఉంటావు. ఆయన మణుగూరు అని, కొత్తగూడెం అని తిరుగుతుంటాడు. ఎవరన్నా ఆడమనిషి ఫోన్ చేస్తుందా? వస్తుందా? కొంచెం కనిపెట్టి చెప్పక్కా.”

నాగలత తీగ మీది చీర లాగి మడత పెట్టింది. “అట్లాంటోడు కాదు భార్గవీ.”

“నీకు అందరూ మంచోళ్లే. నేను నిన్ను తప్ప ఎవర్ని అడగను ఈ ఇంట్లో? మా అమ్మకు చెప్తే గుండె ఆగిపోతుంది.”

“నేను… చూస్త తియ్యి,” అన్నది నాగలత. అని, ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చెప్పేయాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా ఆ వెంటే కళ్లముందు కనిపించేది. అత్త మొహం. బొగ్గు లారీలు ఆగే హోటల్ దగ్గర ఊరి మగవాళ్ల నవ్వులు. “మొగుడు పోయినంక ఇంట్ల పెట్టుకొని సాదితే గిదా ఈమె చేసే పని” అనే మాట. అన్నిటికంటే ముందు, హాస్టల్లో ఎవరో చెబితే వినే లిఖిత.

ఆమె ఆ సైట్లు చూడటం పూర్తిగా మానేసింది. అయినా యాడ్స్ ఆగలేదు. అది ఇంకా భయపెట్టింది. చూడకపోయినా వస్తున్నాయంటే తన వెంట ఏదో తిరుగుతోందన్నమాట. ఫోన్‌ను కౌంటర్ మీద బోర్లా పెట్టేది. జయప్రకాశ్ షాపులోకి వచ్చి ఆమె వైపు కొంచెం ఎక్కువసేపు చూస్తే, ఇతనికి తెలిసిపోయిందేమో, తెలిసీ తన నోటితో చెప్పించాలని చూస్తున్నాడేమో అనిపించేది. అతను మాత్రం “వదినా, నేనేం తప్పు చేసిన్నో నాకే అర్థమైతలేదు” అన్నాడు ఒకసారి, పురుగుమందు డబ్బాలు సర్దుతూ. ఆమె బిల్లు పుస్తకం తిరగేసింది.

బీడీల కోసం ఆకు ఆరబెట్టే తునికాకు కల్లాలు ఎత్తేశారు. ఒక గాలివాన వచ్చి పోయింది. పత్తి విత్తనాల కోసం అడవి పల్లెల నుంచి రైతులు రావడం మొదలైంది. అట్లా వచ్చిన బొజ్జయ్య వెంట అతని కూతురు పుష్పలత కూడా ఉంది. ఆమె భద్రాచలంలో కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. సెలవులకు ఇంటికి వచ్చింది. ఏటా ఈ రోజుల్లో తండ్రితో పాటు షాపుకు వచ్చి నాగలతతో కాసేపు మాట్లాడిపోవడం అలవాటు. బొజ్జయ్య స్ప్రేయర్ బాగు చేయించుకోవడానికి పక్క షాపుకు వెళ్లగానే నాగలత గొంతు తగ్గించింది.

“పుష్పా, నీకు ఫోన్ల సంగతి తెలుసు గదా. మా చుట్టపామె ఒకామె ఉన్నది. ఆమె తన ఫోన్‌ల ఏదో చూస్తే, ఇంట్ల ఇంకొకరి ఫోన్‌ల దాని యాడ్స్ వస్తున్నయట. గట్ల గూడ అయితదా?”

“అయితది. ఆమె ఫోన్ చూస్తె గానీ ఎట్లనో చెప్పలేనక్కా.”

నాగలత కౌంటర్ మీద బోర్లా ఉన్న ఫోన్‌ను ముందుకు జరిపింది. “గిట్లాంటిదే ఆమెది గూడ.”

పుష్పలత ఆమె మొహం వైపు చూసింది. బ్రౌజర్ తెరిచి సోషల్ మీడియా సైటు పేరు కొట్టింది. పాస్‌వర్డ్ అడగకుండానే పేజీ తెరుచుకుంది. పైన ఒక ఫొటో. కిన్నెరసాని డ్యామ్ దగ్గర నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ జయప్రకాశ్.

“ఈయన మీ మరిది కదా?”

“అవ్. కానీ ఆ యాప్ తీసేసే ఇచ్చిండు నాకు.”

“యాప్ తీసేసిండు. బ్రౌజర్‌ల లాగౌట్ కాలేదు. ఇన్ని దినాలు ఈ ఫోన్ల మీరు ఏ సైటుకు పోయినా ఆయన పేరు మీదనే పోయినట్టు.” పుష్పలత నోరు జారినట్టు ఆగి, దిద్దుకుంది. “మీ చుట్టపామె సంగతి గూడ గిదే అయి ఉంటది.”

నాగలత స్టూలు మీద కూర్చుండిపోయింది. “నేను… ఆమె హిస్టరీ మొత్తం తీసేస్తది గదా. రోజూ తీసేస్తది.”

“హిస్టరీ తీసేస్తె మన ఫోన్‌ల కనపడదు, గంతే. మనం చూసే సైట్లల్ల చానా వాటిల్ల ఈ సోషల్ మీడియా వాళ్ల తునక ఒకటి దాగి ఉంటదక్కా, కంటికి కనపడదు. మనం పేజీ తెరవంగనే అది వాళ్లకు కబురు పంపుతది, ఫలానా వాళ్లు వచ్చిండ్రు, ఫలానాది చూసిండ్రు అని. నిజంగ చూసింది ఎవరో దానికి తెల్వదు. ఎవరి లాగిన్ ఉంటే ఆ పేరే చెప్తది.”

“నూనె కోసం వెతికినా చెప్తదా?”

“నూనె అయినా, రోగమైనా, పెళ్లి అయినా. దానికి అన్నీ ఒకటే.”

పెళ్లి అన్న మాట దగ్గర ఇద్దరూ తల ఎత్తలేదు. బయట రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

పుష్పలత సెట్టింగ్స్‌లో వెతికి ఒక పేజీ తెరిచింది. బయటి సైట్ల నుంచి ఆ ఖాతాకు చేరిన కబుర్లన్నీ అక్కడ వరుసగా ఉన్నాయి. జాకెట్ల షాపు. మందుల సైటు. దాని కింద ఆ పెళ్లి సంబంధాల సైటు పేరు, మళ్లీ అదే పేరు, మళ్లీ అదే. నాగలత చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఇవన్నీ తుడిచెయ్యొచ్చా?”

“తుడవొచ్చు. ఇక ముందు పంపొద్దని కూడ చెప్పొచ్చు. కొన్ని దినాలకు ఆ యాడ్స్ తగ్గిపోతయ్.” పుష్పలత ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టేసింది. “కానీ అది నేను నొక్కనక్కా. లాగౌట్ కావుడు వరకు మీ ఫోన్, మీ ఇష్టం. తుడుచుడంటే మాత్రం ఆయన ఖాతాల చెయ్యి పెట్టినట్టు. ఆయనకు చెప్పి చేస్తె మంచిగుంటది.”

“చెప్పే తీరు లేదు పుష్పా.”

నాగలత తనే చూపుడువేలు తెర మీద పెట్టింది. నొక్కింది. ‘నిశ్చయమేనా?’ అని అడిగింది ఫోన్. మళ్లీ నొక్కింది. వరుసగా ఉన్న పేర్లన్నీ ఒక్కసారి పోయి తెల్లని తెర మిగిలింది. మరిది ఫొటో ఉన్న పేజీలోంచి లాగౌట్ అయింది.

తర్వాత చేసినవన్నీ తన ఫోన్‌లో తన కోసం చేసుకున్నవి. వెంటపడే తునకలను అడ్డుకునే వేరే బ్రౌజర్ ఒకటి పుష్పలత వేసి ఇచ్చింది. ఒక సైటు పెట్టిన గుర్తులు ఇంకో సైటు వాళ్లు చదవకుండా కుకీల దగ్గర ఒక మీట మార్పించింది. ఏ యాప్‌కు లొకేషన్ అవసరమో, దేనికి అక్కర్లేదో ఒక్కొక్కటిగా అడిగి ఆపించింది. “ఏదైనా సైటుల ‘మీ సోషల్ మీడియా ఖాతాతో లోపలికి రండి’ అంటే ఆ బటన్ నొక్కకండి. అది మనమే చెయ్యిపట్టుకొని తోలుకపోయినట్టు. గిట్ల చేసినా పూర్తిగ కనపడకుండ అయితమని కాదక్కా. కానీ వాకిలి బార్లా తెరిచి కూసునుడు మాత్రం ఉండదు.”

బొజ్జయ్య స్ప్రేయర్ భుజాన వేసుకుని వచ్చాడు. విత్తనాల సంచీ తీసుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. ఎన్నాళ్ల తర్వాతో నాగలతకు ఆ రోజు ఆకలేసింది.

యాడ్స్ నిజంగానే తగ్గిపోయాయి. మొదట పలచబడ్డాయి, తర్వాత ఒక్కటీ లేదు. జయప్రకాశ్ ఫోన్‌లో ట్రాక్టర్లు, ఎరువులు, క్రికెట్ మిగిలాయి. ఇల్లు మెల్లగా సర్దుకుంటుందని, తను ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఇది గడిచిపోతుందని నాగలత అనుకుంది.

ఒక రాత్రి భార్గవి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“చూశావా అక్కా? ఒక్కటంటే ఒక్కటి లేదు ఇప్పుడు. నేను అడగడం మొదలుపెట్టాక మొత్తం మాయం. మా వేంసూరు తమ్ముడికి ఫోన్ చేసి, వాడు చెప్పినట్టు సెట్టింగుల్లో చూశాను. ఎవరో కావాలనే తుడిచారట. ఏ తప్పూ లేనివాడు ఎందుకు తుడుస్తాడు?”

నాగలత తనను కాపాడుకోవడానికి నొక్కిన మీట మరిది మెడకు చుట్టుకుంది.

“అడిగితే ఏమన్నాడో తెలుసా? ‘నేను తుడవలే, నాకు తుడుచుడే రాదు’ అంటాడు. చిన్నపిల్లలకు చెప్పినట్టు. రేపు మా నాన్న వస్తున్నాడు. నేను, పాప వేంసూరు వెళ్లిపోతున్నాం. తేలిందాకా రాను.”

మర్నాడు పొద్దున భార్గవి తండ్రి పిచ్చయ్య కారు వాకిట్లో ఆగింది. తెల్లటి పంచె, చేతికి గడియారం, తక్కువ మాట్లాడే మనిషి. కూతురి బ్యాగు అప్పటికే వరండాలో ఉంది. హాల్లో అందరూ కూర్చున్నారు. రాఘవమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగలత వంటింట్లో టీ కాస్తోంది. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా వినిపిస్తోంది.

“నేను అరవడానికి రాలేదు అల్లుడుగారూ,” అన్నాడు పిచ్చయ్య. “నా కూతురు అబద్ధం చెప్తోందా, మీరు చెప్తున్నారా, నాకు అది తెలిస్తే చాలు. వేరే ఎవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. పిల్ల చిన్నది. మా దారి మేం చూసుకుంటాం.”

“ఎవరూ లేరు మామయ్యా. నేను ఏ సైటూ చూడలే. ఏదీ తుడవలే.”

“మరి ఫోన్ దానంతట అదే చూసి, దానంతట అదే తుడుచుకుందా?”

జయప్రకాశ్ లేచి నిలబడ్డాడు. అతని మొహం వంటింట్లో నుంచి నాగలతకు కనిపించింది. అన్న శవాన్ని కూడా ఇంటికి తేలేకపోయిన రోజున అతను అట్లాగే నిలబడ్డాడు. ఇంకొక్క క్షణం ఆలోచిస్తే ఇక ఎప్పటికీ నోరు విప్పలేనని ఆమెకు అర్థమైంది. టీ పళ్లెం ఎత్తుకుని హాల్లోకి వచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టింది. ఒక కప్పు తొణికింది.

“ఆ సైట్లు చూసింది నేను,” అన్నది.

ఎవరికీ అర్థం కాలేదు. రాఘవమ్మ “ఏ సైట్లు?” అని అడిగింది.

“రెండో పెళ్లి సంబంధాలవి. నా ఫోన్ జయప్రకాశ్ పాతది. దాంట్ల ఆయన లాగిన్ అట్లనే ఉండిపోయింది. నాకు తెల్వదు. నేను చూసినవన్నీ ఆయన పేరు మీద పోయినయ్. జాకెట్ల డిజైన్లు, అత్తమ్మ మోకాళ్ల నూనె, అవి గూడ నేను చూసినవే. తర్వాత తెలిసింది. తెలిసినంక తుడిచింది గూడ నేనే.”

జాకెట్లు, నూనె అనేసరికి భార్గవి కళ్లు పెద్దవయ్యాయి. అన్నాల దగ్గర నవ్వుకున్న రోజు ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. మెల్లగా కుర్చీలో కూలబడింది.

రాఘవమ్మ కొంగు నోటి మీద నుంచి జారింది. “నువ్వా? పెళ్లా? నీకేం తక్కువైందే ఈ ఇంట్ల?”

ఏం తక్కువైందో ఆ హాల్లో, అంతమంది ముందు చెప్పే మాట నాగలతకు దొరకలేదు. “ఏం తక్కువ కాలేదత్తమ్మా,” అన్నది. “చూసిన. గంతే.”

ముందుగా పిచ్చయ్య లేచాడు. టీ కప్పు తీసుకుని నిలబడే తాగాడు. “అల్లుడుగారూ, నన్ను క్షమించండి,” అన్నాడు. నాగలత వైపు తిరిగి ఏదో అనబోయి, అనకుండానే, ఆమె తనకంటే చిన్నదైనా ఒకసారి తలవంచి బయటికి నడిచాడు. కూతురి బ్యాగు వరండాలో అట్లాగే ఉండిపోయింది.

జయప్రకాశ్ బండి తీసుకుని వెళ్లిపోయాడు.

ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలని నాగలత అప్పటికప్పుడు పెరట్లోకి వెళ్లి లిఖితకు ఫోన్ చేసింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక జరిగిందంతా, ఆ సైట్లలో చదివినవాటితో సహా, వెనక నుంచి ముందుకు చెప్పింది.

“లిఖితా, ఉన్నవా?”

“ఉన్న. నాకు చెప్పొచ్చు గదమ్మా. అందరికంటే ముందు నాకు చెప్పొచ్చు గదా.” గొంతులో కోపముంది. కాసేపటికి ఆ గొంతే వేరేగా వినిపించింది. “ఆ వంట వచ్చే లైన్‌మన్ ఇంకా ఉన్నడా?”

నాగలత నవ్వబోయి ఏడ్చింది. అట్లా ఏడుస్తూనే పెరట్లో చాలాసేపు ఉండిపోయింది.

మరిది మూడో రోజుకు గానీ ఆమెతో మాట్లాడలేదు. షాపులో షట్టరు సగం ఎత్తి, లోపలికి వచ్చి, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

“పెళ్లి సంగతి నీ ఇష్టం వదినా. దాంట్ల నేను అనేటిది ఏం లేదు. కానీ నా భార్య నన్ను దొంగను చూసినట్టు చూస్తుంటే నువ్వు పక్కనే కూసొని బిల్లులు రాసుకుంట ఉన్నవ్. నా బిడ్డ మీద ఒట్టు పెడ్తుంటే ఇన్నవ్. గది నాకు మింగుడు పడ్తలేదు.”

“నాది తప్పే,” అన్నది నాగలత. భయపడ్డానని చెప్పబోయి ఆపుకుంది. అతనూ ఆ రోజుల్లో భయపడుతూనే ఉన్నాడు.

అతను తల పంకించి మందు డబ్బాలు దించుకోవడానికి వెళ్లాడు. ఆ వారం పాస్‌వర్డ్ మార్చుకున్నాడు. నాగలత ఆ పాత ఫోన్‌ను అతని ముందు పూర్తిగా ఖాళీ చేసి తిరిగి ఇచ్చేసి, మణుగూరులో తన పేరు మీద వేరేది తీసుకుంది. వాళ్లిద్దరి మధ్య మాటలు మళ్లీ వచ్చాయి గానీ, పాత చనువు రాలేదు. “వదినా” అనే పిలుపులో ఏదో కొంచెం తగ్గింది. అది ఆమెకు వినబడుతుంది.

రాఘవమ్మ ఇప్పటికీ సూటిగా మాట్లాడదు. “ఆమెను తినమను” అని భార్గవితో చెప్పిస్తుంది. ఊళ్లో మాటలు వచ్చాయి, కొన్నాళ్లు నడిచాయి, పత్తి మొలకలకు వానలు చాలవన్న దిగులు రాగానే పలచబడ్డాయి. నాగలత ఎవరినీ పెళ్లి చేసుకోలేదు. చూడటం మాత్రం మానలేదు. తన ఫోన్‌లో, తన పేరు కూడా ఎవరికీ అందకుండా, తీరిక దొరికినప్పుడు చూస్తుంది. ఎప్పుడు ఎవరికి పేరు చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది.

ఒక ముసురు మధ్యాహ్నం భార్గవి షాపుకు వచ్చింది. ఆమె షాపుకు రావడం అరుదు. గొడుగు మూలన పెట్టి, బెంచీ మీద కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ కాసేపు అవీ ఇవీ మాట్లాడింది. పాప దగ్గు గురించి, వేంసూరులో మామిడి గురించి. ఆ గొడవ తర్వాత ఇద్దరూ ఒంటరిగా ఇంతసేపు కూర్చోవడం అదే మొదలు.

“ఆయన్ని కనిపెట్టి చూడమని నిన్ను అడిగాను గదా అక్కా,” అన్నది చివరికి. “అప్పుడు నీకు ఎట్లా ఉండి ఉంటుందో తర్వాత అనిపించింది.”

“నేనే చెప్పాల్సుండె.”

“ఊఁ.” భార్గవి హ్యాండ్‌బ్యాగులోంచి తన ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. “నీ ఫోన్‌లో చేశావు చూడు, ఆ యాడ్స్ వెంటపడకుండా. నాది కూడా అట్లా చేసి పెట్టు.”

నాగలత ఆమె మొహం వైపు చూసింది. భార్గవి చూపు పక్కకు తిప్పుకుంది. చెవుల దగ్గర కొంచెం ఎర్రబడింది. ఆమె ఏం చూస్తుందో, దేని కోసం వెతుకుతుందో నాగలత అడగలేదు. పుష్పలత చూపించిన వరుసలోనే ఒక్కొక్కటీ మార్చింది. ఏ పేజీలు తెరిచి ఉన్నాయో కనిపించే చోట వేలు ఆపకుండా దాటేసింది.

“ఇక్కడ పాస్‌వర్డ్ అడుగుతున్నది. నువ్వే కొట్టు,” అని ఫోన్ ఆమె చేతికి ఇచ్చి, బయట వాన ఏ మాత్రం తగ్గిందో చూడటానికి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.